బస్సు ఎక్కడుందో చెప్పే బావ

ఇవాళ పొద్దున డ్యూటీ బస్సులో కూర్చుని ఒక మనిషిని వేలితో నొక్కి బయటికి పంపించేశాను. ఆ మనిషి పోయిన వానాకాలంలోనే చనిపోయాడు. చనిపోయినవాణ్ణి పంపిస్తే ఎవరికి నొప్పి అనుకున్నాను. నేను చేసిన తప్పు అక్కడే మొదలైంది.

మా స్టీలు ప్లాంటు బస్సుకి ఫోన్లో ఒక గ్రూపు ఉంది. మద్దిలపాలెంలో బయల్దేరి గాజువాక మీదుగా ప్లాంటు గేటు దాకా వెళ్ళే బస్సు అది. రోజూ అందులో ఎక్కేవాళ్ళమే గ్రూపులోనూ ఉంటాం. మనుషుల్ని చేర్చడం, తీసెయ్యడం నా చేతిలో ఉంది. నిన్న సాయంత్రం మాలో క్రేను నడిపే ఒకతను మనవరాలు పుట్టిందని ఫొటో పెట్టాడు. అందరం దండం బొమ్మలు, బొటనవేళ్ళు పెట్టాం. వాటి మధ్యలో చనిపోయిన బావ నంబరు నుంచి కూడా ఒక బొటనవేలు వచ్చింది.

"ఒరే, బావ పైనుంచి సూత్తన్నాడ్రా" అని ఒకడు రాశాడు.

"పైన సిగ్నలు బాగున్నట్టున్నాది" అని ఇంకొకడు.

క్రేను అతనికి మాత్రం నవ్వు రాలేదు. పసిబిడ్డ ఫొటో మీద పోయిన మనిషి వేలు పడిందని వాళ్ళింట్లో ఆడవాళ్ళు గోల పెట్టారట. పొద్దున బస్సెక్కుతూనే నా సీటు దగ్గరికి వచ్చాడు.

"ఆ నంబరు తీసేయన్నా. ఎవుడో హ్యాకరు దూరిపోనాడు."

వాడకంలో లేని నంబర్లు వేరేవాళ్ళ చేతికి వెళ్తాయని, వాటితో మోసాలు జరుగుతాయని నేనూ పేపర్లో చదివి ఉన్నాను. చదివినది పదిమందిలో చూపించుకోవడానికి సందు దొరికింది. బస్సు ఎన్.ఏ.డి. కూడలి చేరేలోపు గ్రూపులో ఇలా రాశాను: "భద్రత దృష్ట్యా మృతుల నంబర్లు తొలగించడమైనది." తర్వాత బావ పేరు మీద వేలు పెట్టి నొక్కాను. తీసెయ్యమంటారా అని ఫోను అడిగింది. అవునన్నాను. ఫోను నయం, ఒక్కసారైనా అడిగింది. నేను ఎవర్నీ అడగలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. బస్సంతా ఆయన్ని బావ అనే పిలిచేది, డ్రైవరుతో సహా. డ్రైవరు వెనకాల ముందు సీటు ఆయనది. ఎక్కగానే అగ్గిపెట్టంత మడత పెట్టిన పేపరు జేబులోంచి తీసి, కంప్యూటర్ల వార్త ఎక్కడుందా అని వెతికేవాడు. రాజకీయాలు చదివేవాడు కాదు, క్రికెట్టు అంతకంటే లేదు. ఏ దేశంలో ఏ కొత్త ఫోను వచ్చింది, ఎవరి పాస్‌వర్డులు పోయాయి, ఏ యంత్రం మనిషిలా మాట్లాడుతోంది, ఇవి చదివి తీర్పు చెప్పేవాడు. తీర్పు గ్రూపులోకి, గొంతుతో. ఆ గ్రూపులో ఉన్నవాళ్ళమంతా ఆ బస్సులోనే ఆయన చుట్టూ కూర్చుని ఉండేవాళ్ళం. ముందు ఆయన నోటి నుంచి వినేవాళ్ళం, మరుక్షణం మా జేబుల్లోంచి మళ్ళీ అదే వినబడేది.

"మడత పడే ఫోను వచ్చినాదట" అనేవాడు. "మడత పెట్టడానికి లుంగీయేటిరా అది?"

మన ఊరికి పెద్ద డేటా సెంటరు వస్తోందన్న వార్త వచ్చిన రోజు బస్సంతా సంబరపడింది. పిల్లలకి ఉద్యోగాలొస్తాయని ఒకరు, స్థలాల రేట్లు పెరుగుతాయని ఒకరు. బావ పేపరు మళ్ళీ మడత పెట్టాడు.

"కంప్యూటర్లు వేడెక్కిపోతే సల్లార్సడానికి నీళ్ళు గావాలట. మన ఫర్నేసుకీ నీళ్ళే గావాల. సరే, ఎట్టుకోండి. మరి మా మద్దిలపాలెం కుళాయికి ఏటి మిగులుద్ది?"

ఆయన చెప్పేవన్నీ నిజాలని కాదు. సగానికి సగం తప్పులే. తెర మీది చెత్తబుట్ట ఖాళీ చేస్తే కంప్యూటరు బరువు తగ్గుతుందని నమ్మేవాడు. ఎవరూ చూడకుండా ఉండాలని ఫోను కెమెరా మీద ప్లాస్టరు అంటించుకున్నాడు, అదీ వెనక కెమెరా మీద. ముందు ఇంకోటి ఉంది బావా అని చెబితే, "అది నా మొకం సూసుకోవడానికి. నా మొకం ఎవుడికి గావాల?" అన్నాడు. చర్చిలో అందరూ ఫోన్లలో వాక్యం చదువుతుంటే ఆయన మాత్రం జిప్పు ఉన్న బైబిలు చంకలో పెట్టుకుని వెళ్ళేవాడు. ఎందుకని పాస్టరుగారే అడిగారట. "అందులో కీర్తన మద్దెలో అప్పడాల పేకెట్టు ప్రకటన వత్తన్నాదండి" అన్నాట్ట.

ఫోన్లో అడిగితే జవాబు చెప్పే ఆడగొంతు ఒకటి ఉంటుంది కదా, దానితో ఆయన యుద్ధం మాకు రోజూ కాలక్షేపం. "రేపు వర్సం వత్తాదా?" అని అడిగేవాడు. క్షమించండి, అర్థం కాలేదు అనేది ఆ గొంతు. మళ్ళీ అదే మాట, కొంచెం గట్టిగా. మళ్ళీ క్షమించండి.

"'వస్తుందా' అను బావా, అర్థమవుతాది" అని నేనే సలహా ఇచ్చాను ఒకసారి.

ఆయన నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "నానెందుకు మారాల? నాను పుట్టినకాడి నుంచి ఇలాగే మాటాడతన్నాను. అది నిన్న పుట్టినాది. అదే నేర్సుకోవాల."

అది ఎన్నటికీ నేర్చుకోలేదు. ఆయనా మారలేదు. వాన వచ్చినప్పుడే వచ్చేది.

ఆయన ప్లాంటులో ఎలక్ట్రికల్ మనిషి. అభిప్రాయాలన్నీ ఆ పనిలోంచే పుట్టేవి. మోటారు మీద ఎవరైనా పని చేస్తుంటే దాని స్విచ్చికి పేరు రాసిన ట్యాగు ఒకటి కడతారు. కట్టిన మనిషే వచ్చి విప్పాలి. అతను టీకి వెళ్ళినా, ఇంటికే వెళ్ళిపోయినా, అతన్ని కనుక్కోకుండా వేరేవాళ్ళు దాని మీద చెయ్యి వెయ్యకూడదు. తొందరపడి ఒకడు విప్పితే అవతల మోటారు మీద ఉన్న మనిషి ప్రాణం పోవచ్చు. మా ప్లాంటులో చేరిన కుర్రాళ్ళకి ముందు నేర్పేది ఇదే. బావ దాన్ని కంప్యూటర్లకీ పట్టించేవాడు. తెల్లారేసరికి ఫోను తనంతట తానే అప్‌డేటై బొమ్మల చోట్లు మారిపోతే ఆ రోజంతా బస్సులో ఒకటే గొడవ. "నా ట్యాగు నాకు సెప్పకుండా ఎవుడు ఇప్పినాడు? ఆ కంపినీవోడు మన ప్లాంటులో ఉండుంటే ఈపాటికి సస్పెండు."

ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. మద్దిలపాలెం డిపో వెనక సందులో రెండు గదుల ఇల్లు. మా అమ్మాయి కాలేజీకి కంప్యూటరు కొనాలంటే, కొనేముందు నాది చూడు అని పట్టుబట్టి తీసుకెళ్ళాడు. ముందు గదిలో పాత డెస్క్‌టాప్, దాని మీద పూలపూల గుడ్డ. గుడ్డ తీసి, మడిచి పక్కన పెట్టి, స్విచ్చి వేసి, తెర వెలిగేదాకా నిలబడే ఉన్నాడు. నన్నూ కూర్చోనివ్వలేదు. "అది లేవకుండా మనం కూకోడమేటి?" అన్నాడు. స్విచ్చుబోర్డుకి నిజంగానే ఒక అట్టముక్క దారంతో వేలాడుతోంది, పని జరుగుతున్నది, ముట్టరాదు అని.

అన్నిటికంటే నాకు వింతగా కనిపించింది తెర పెట్టిన తీరు. కుర్చీ ఒక వైపు ఉంటే తెర ఇంకో వైపుకి తిరిగి ఉంది. కుర్చీలో కూర్చుంటే మెడ తిప్పి చూడాలి. తెర మీద మా గ్రూపే తెరిచి ఉంది. అక్షరాలు ఎంత పెద్దవంటే ఒక్కో మాటకి తెరలో సగం.

"ఏటి బావా, అంత పెద్దవెట్టినావు? సూపు తగ్గిపోనాదా?"

"ఉండనీ" అన్నాడు.

"తెర వంటింటి వేపు తిరిగిపోనాది, సూసుకోనేదా?"

"ఉండనీరా."

వంటింట్లోంచి వాళ్ళావిడ టీ తెచ్చింది. చేతులు తడి. ట్రే నా చేతికిచ్చి, చీర చెంగుతో తుడుచుకుంటూ తెర వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. నేను అన్నీ చూశాను. ఏదీ పట్టించుకోలేదు. కంప్యూటరు ఏ కంపెనీది, ఎంతకి కొన్నావు అని అడిగి, టీ తాగి వచ్చేశాను.

బావకి ఇంకో అలవాటు ఉండేది. అన్ని మాటలూ గొంతుతో పంపే మనిషి, సాయంత్రం తిరుగు ప్రయాణంలో మాత్రం కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్క వేలితో, ఊళ్ళ పేర్లు టైపు చేసేవాడు. గాజువాక దాటాం. ఎన్.ఏ.డి. దాటాం. తాటిచెట్లపాలెం దాటాం. పొద్దున పూటంటే ముందు స్టాపుల్లో ఎక్కేవాళ్ళకి పనికొస్తుంది. సాయంత్రం అందరం బస్సులోనే ఉంటాం.

"బస్సులో ఉన్నోళ్ళకి బస్సు ఎక్కడున్నాదో సెప్తావేటి బావా?" అని అందరం ఏడిపించేవాళ్ళం.

"తెలుసుకోండి. తప్పేటి?" అనేవాడు, తల ఎత్తకుండా.

ఆయన పోయాక ముందు సీట్లో కొన్నాళ్ళు ఎవరూ కూర్చోలేదు. ఖాళీగా చూడలేక నేనే మారాను. మారిన సాయంత్రం బస్సు గాజువాక దాటుతుంటే నా చెయ్యి దానంతటదే ఫోను తీసింది. దాటాం అని రాశాను. ఎవరూ నవ్వలేదు. అప్పటి నుంచి రోజూ రాస్తున్నాను. ఎవరికోసం రాస్తున్నావని ఎవరైనా అడిగితే, బావకోసం అని చెప్పి ఉండేవాణ్ణి. ఆ మాట చెప్పుకోవడానికి బాగుంటుంది.

ఇవాళ సాయంత్రం కూడా రాశాను. ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే ఫోను మోగింది. తెర మీద బావ అని పేరు. ఒక చేతిలో బూటుతో అలాగే ఉండిపోయాను. ఎత్తడానికి ధైర్యం చాలలేదు. ఆగిపోతుందేమో అనుకునేంతలో ఎత్తాను.

"అన్నయ్యా, నాను. మీ బావగారి ఇంటిదాన్ని."

"సెప్పమ్మా."

"ఏటనుకోకండి. ఇయ్యాల బస్సు రానేదా?"

"వచ్చినాదమ్మా. ఇప్పుడే దిగినాను."

"అలాగా. ఇందులో ఏటీ రానేదు. పొద్దున్న మీరు ఏటో రాసినారు, సదివినాను. తరవాత ఇంకేటీ రానేదు. నానేటి తప్పు సేసినానన్నయ్యా? ఆ పాప ఫొటోకి వేలెట్టినందుకా? ముద్దుగున్నాదని ఎట్టీసినాను."

పొద్దున నేను రాసిన మాట నాకే కళ్ళముందు కనపడింది. మృతుల నంబర్లు. దాన్ని ఆమె ఆ తెర మీద చదివింది, ఒక్కో మాట అంతంత పెద్ద అక్షరాల్లో.

"నాను వత్తన్నానమ్మా" అన్నాను.

మా ఇంటి నుంచి ఆ సందుకి నడిచే వెళ్ళాను. స్విచ్చికి ఎవరి ట్యాగు వేలాడుతోందో చూడకుండా విప్పినవాణ్ణి ప్లాంటులో అయితే నేనే తిట్టేవాణ్ణి. ఆ పని చేసిన కుర్రాడి మీద ఫిర్యాదు రాసిన మనిషిని నేను. ఇవాళ పొద్దున నన్ను ఎవరూ తిట్టలేదు. బస్సంతా బొటనవేళ్ళే పెట్టింది.

తలుపు తీసే ఉంది. కంప్యూటరు వెలుగుతోంది, నేను రాసిన వాక్యం దగ్గర ఆగిపోయి. బావ ఫోను ఆ పక్కనే చార్జింగులో ఉంది. వంటింట్లో లైటు లేదు.

"కూకోండన్నయ్యా" అంది. నేను నిలబడే ఉన్నాను.

"సాయంత్రం నాను రాసే ఊళ్ళ పేర్లు మీరు సూత్తన్నారా అమ్మా?"

ఆమె తెర వైపు చూసింది. "మీరు కాదు, ఆయన రాసినకాడి నుంచీ సూత్తన్నాను. నా కోసమే కదా రాసేవోరు."

తర్వాత చెప్పింది. ఆమెకి చేతులెప్పుడూ తడిగానో, పిండిగానో ఉంటాయి. ఫోను మోగినా ఎత్తడానికి వీలుపడదు. తాటిచెట్లపాలెం దాటినప్పుడు కుక్కర్ పెడితే ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి అన్నం వేడిగా ఉంటుంది. అందుకని తెర వంటింటి వైపు తిప్పి, అక్షరాలు పొయ్యి దగ్గర నుంచి కనపడేటంత పెద్దవి చేశాడు.

"నాకే తిన్నగా పంపించమన్నాను. ఒప్పుకోనేదు. ఇంట్లో ఉన్న పెళ్ళానికి మెసేజి ఎట్టడమేటి, సిగ్గునేదా అనేవోరు. ఊరందరికీ ఎడతాను, అందులో నువ్వూ సూసుకో అన్నారు."

ఇంత సంగతి ఉండగా మేము ఆయన్ని రోజూ ఏడిపించాం.

"మరి ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడూ అంతే. అది వత్తే లేచి కుక్కర్ ఎడతాను. రానేదనుకోండి, నానొక్కదాన్కి వంటేటని పడుకుండిపోతాను. ఆయన పోయిన కొత్తల్లో అలాగే సేసినాను. మీరు రాయడం మొదలెట్టినాక మళ్ళీ అన్నం తింతన్నాను." తల దించుకుంది. "మీకు సెప్పకుండా మీ మాటలన్నీ సదవడం నాదే తప్పు. ఆడమనిసి ఉన్నాదని తెలిత్తే మీరంతా బిగుసుకుపోతారు. వద్దులెండి. ఒగ్గీయండి."

వదిలెయ్యమని ఆమె నిజంగానే అంటోంది. నేను సరేనంటే ఆ మాట అక్కడితో అయిపోతుంది, గ్రూపులో ఎవరికీ తెలియదు, నా పరువూ పోదు. ఒక్క క్షణం అలా అనేద్దామనే అనిపించింది. అది కూడా ఇక్కడ రాయాలి.

ఫోను తీసి ఆ నంబరుని మళ్ళీ చేర్చాను. ముందు పొద్దుటి మెసేజి చెరిపేద్దామనుకున్నాను. ఆమె చదివేసింది, ఇప్పుడు చెరిపితే తప్పు నాది కాకుండా పోతుందా? దాన్ని అలాగే ఉంచి కింద రాశాను:

"పొద్దున నేను రాసింది, చేసింది రెండూ తప్పు. బావ నంబరు బావ ఇంట్లో ఆవిడ చూసుకుంటున్నారు. పాపకి వేలు పెట్టింది ఆవిడే, ముద్దుగా ఉందని. ఒక్క మాట అడక్కుండా తీసేశాను. సాయంత్రం మనం ఎక్కడున్నామో చూసి ఆవిడ కుక్కర్ పెట్టుకుంటారు. ఇవాళ చెప్పేవాడు లేక పెట్టలేదు. నేను వాళ్ళింట్లోనే ఉన్నాను."

అది పెద్ద అక్షరాల్లో తెర నిండా పరుచుకుంది. ఇద్దరం దాని ముందు నిలబడ్డాం. ముందు క్రేను అతని దగ్గర్నుంచి జవాబు వచ్చింది.

"అక్కా, తెలీక అన్నాను. పాపకి మీ దీవెన గావాల."

ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు నేను, ఆ గదిలో, ఆ తెర ముందు నిలబడి టైపు చేశాను: "తాటిచెట్లపాలెం దాటాం."

వెంటనే ఒకడు, రోజూ వెనక సీట్లో కూర్చుని పైన సిగ్నలు బాగుందని నిన్న రాసినవాడే, "ఎవుడు దాటినాడన్నా? నాను ఇంట్లో లుంగీ మీదున్నాను" అని పెట్టాడు. కాసేపాగి మళ్ళీ వాడే రాశాడు: "ఔను, దాటినాం. బేగి వచ్చేత్తన్నాం."

"దాటినాం" అన్నాడు క్రేను అతను. బస్సు డిపోలో పెట్టేసి ఇంటికెళ్ళిన డ్రైవరు, ఈ రోజు ట్రాఫిక్కు నేదు, దాటినాం అన్నాడు. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు, ఎవరిళ్ళల్లో వాళ్ళు కూర్చుని, దాటినాం, దాటినాం.

ఆమె చాలాసేపు చదివింది. నవ్వుతోందో ఏడుస్తోందో నేను చూడలేదు, చూసే మొహం నాకు లేదు. వంటింట్లో లైటు వెలిగింది. బియ్యం డబ్బా మూత చప్పుడైంది.

"అన్నయ్యా," అంది లోపల్నుంచి, "ఒక గ్లాసు ఎక్కువ పోత్తన్నాను. తినెల్లండి. సింతపండు సారూ, ఎండుసేపలూ ఉన్నాయి, ఏటనుకోకండి."

"పొయ్యమ్మా" అన్నాను.

మా ఇంటికి ఫోను చేసి రాత్రికి నాకు వండొద్దని చెప్పాను. తర్వాత గ్రూపులో నా చేతిలో ఉన్న పెత్తనం ఆ నంబరుకి కూడా ఇచ్చాను, మళ్ళీ నేను ఇలాంటి పని చేస్తే సరిదిద్దడానికి ఆమెకీ వీలుండాలని. ఆ మాట వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పి, ఈసారి అడిగాను.

"ఉంచమంటారా అమ్మా?"

ఆమె పొయ్యి మంట తగ్గిస్తూ వెనక్కి చూసింది. "ఉంచండి" అంది.